పెదవేగి నుంచి కొల్లేటికి తాబేలుతో ప్రయాణం

పిల్లలూ! మీకొక చిన్న ప్రశ్న. తాబేలు తన చిప్పలోంచి బయటికి వచ్చి, కాసేపు అటూ ఇటూ తిరిగి, మళ్ళీ చిప్పలో దూరగలదా?

ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసిన నేను ఈ ప్రశ్న ఎన్నో తరగతులలో అడిగాను. ప్రతి తరగతిలోనూ సగం మంది "రాగలదండీ" అని చేతులెత్తేవారు. బొమ్మల పుస్తకాలలో అలాగే గీస్తారు మరి! జవాబు ఇప్పుడే చెప్పను. మాతో కూడా బయలుదేరండి, దారిలో మీకే తెలుస్తుంది.

మా ఊరు పెదవేగి. ఏలూరుకు ఉత్తరంగా 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. కొత్తగా వచ్చినవారికి ఊరి చుట్టూ ఆయిల్‌పామ్ తోటలే కనబడతాయి. ఆ చెట్టును గురించి పరిశోధనలు చేసే జాతీయ సంస్థ కూడా 1995 నుంచి మా ఊళ్ళోనే ఉంది. అయితే మట్టి క్రింద ఉన్న ఊరు వేరు. సుమారు 1600 సంవత్సరాల క్రితం ఇది వేంగీ నగరం. శాలంకాయనులనే రాజులు ఇక్కడినుంచి పరిపాలించారు. తరువాత వచ్చిన తూర్పు చాళుక్యులు సైతం వేంగి రాజులనే పేరుతోనే ప్రసిద్ధులయ్యారు. 1980లలో పురాతత్త్వశాఖవారు మా ఊరి దిబ్బలు త్రవ్వి పాత ఇటుక కట్టడాలు బయటపెట్టారు. ఇప్పటికీ పెద్ద వాన కురిస్తే దిబ్బల పక్కన కుండపెంకులు తేలుతాయి. మా ఊరి పిల్లలు వాటితో తొక్కుడుబిళ్ళ ఆడుకొంటారు. చరిత్ర పాఠం చెప్పడానికి నాకు అంతకంటె మంచి పరికరం ఎప్పుడూ దొరకలేదు.

శాలంకాయనులు కొలిచిన దేవుడు చిత్రరథస్వామి. ఆయన సూర్యుడేనని పెద్దలు చెబుతారు. ఈ సూర్యుడి మాట కాస్త గుర్తుంచుకోండి. మన కథలో ఆయనతో పని ఉంది.

క్రిందటి ఏడు వానకాలం చివర, దీపావళి ఇంకా పదిరోజులుందనగా, ఎదురింటి అమ్మాయి ఒక ప్లాస్టిక్ బకెట్టు రెండు చేతులతో ఈడ్చుకొంటూ మా అరుగు దగ్గరికి వచ్చింది. ఏడో తరగతి చదువుతున్న పిల్ల. పరికిణీ అంచంతా బురద.

"తాతగారూ! ఇది చెరువు మెట్లమీద పడి ఉంది. మగపిల్లలు రాళ్ళు వేస్తుంటే లాక్కొచ్చాను," అన్నది.

బకెట్టులోకి తొంగిచూశాను. అన్నం గిన్నెమీది మూతంత తాబేలు. తల లోపలికి లాక్కొని ఉంది. వీపుచిప్పమీద రెండుమూడు చోట్ల తెల్లటి మచ్చలు. ఒకచోట వేలితో ముట్టుకొంటే నానిన అప్పడంలా మెత్తగా దిగింది. ఎండు చేప కుళ్ళినట్టు వాసన కూడాను.

"మన చెరువు తాబేలేనమ్మా," అన్నాను, మాస్టరు గొంతుతో.

"మరి చెవుల దగ్గర ఈ ఎర్రచారలేమిటండీ?"

"రాళ్ళదెబ్బలు అయివుంటాయి."

ఆ పిల్ల తడిగుడ్డతో తుడిచింది. చారలు పోలేదు. రెండువైపులా ఒకే కొలతలో, కుంచెతో దిద్దినట్టు ఉన్నాయి. రాళ్ళు అంత పద్ధతిగా తగలవు గదా! అది నా మొదటి పొరబాటు.

రెండోది ఇంకా పెద్దది. "పుండుకు పసుపును మించిన మందు లేదు" అంటూ, పసుపు నువ్వులనూనెలో కలిపి దాని వీపునిండా దట్టంగా పట్టించాను. చూడటానికి పెళ్ళికూతురిలా ఉంది. ఆ పిల్ల దానికి "వేంగమ్మ" అని పేరు పెట్టింది. మూడురోజులపాటు వేంగమ్మకు అన్నం మెతుకులూ, బిస్కట్టు ముక్కలూ వేశాము. ఒక్కటీ ముట్టలేదు. నాలుగోనాడు పసుపు పెచ్చు ఊడిపోతే క్రింద మచ్చ ఇంకా వెడల్పయివుంది. ఆ పిల్ల నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

ఆ రోజే ఏలూరు తీసుకొని వెళ్ళాము. అక్కడి పశువైద్యురాలు వేంగమ్మను బల్లమీద తువ్వాలు పరచి దానిమీద పెట్టి, చేతితో కాక కళ్ళతోనే చాలాసేపు పరీక్షించింది. తరువాత నావైపు చూసి, "మాస్టారూ! మీ కాలిగోరు చీముపడితే దానిమీద గోరురంగు పూసి ఊరుకొంటారా?" అని అడిగింది. నలభై ఏళ్ళు ఇతరులను ప్రశ్నలడిగినవాణ్ణి, ఆనాడు తలవంచుకొని నిలబడ్డాను.

ఆవిడ చెప్పిన సంగతులు మీకూ చెబుతాను.

తాబేలు చిప్ప పెట్టె కాదు, ఇల్లూ కాదు. అది తాబేలు ఒళ్ళే! మీ వీపుమీద చేయి పెట్టి చూసుకోండి, వెన్నెముక తగులుతుంది. పక్కలకు తడుముకొంటే ప్రక్కటెముకలు తగులుతాయి. తాబేలులో ఆ వెన్నెముకా, ఆ ప్రక్కటెముకలూ వెడల్పుగా పెరిగి ఒకదానితో ఒకటి అతుక్కొని డిప్పలా తయారయ్యాయి. ఆ ఎముకలో రక్తం పారుతుంది, స్పర్శ తెలుస్తుంది, నొప్పి పుడుతుంది. ఎముకమీద మన గోళ్ళవంటి పదార్థంతో చేసిన పలకలు పరచి ఉంటాయి. ఇప్పుడు చెప్పండి, తాబేలు చిప్పలోంచి బయటికి రాగలదా? మనం మన వెన్నెముకను వదిలి బయటికి రాగలిగితే అదీ రాగలదు!

చైనాలో దొరికిన ఒక తాబేలు శిలాజాన్ని గురించి 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దాని వయస్సు సుమారు 22 కోట్ల సంవత్సరాలు. ఆ ప్రాణికి పొట్టక్రింద చిప్ప పూర్తిగా ఉన్నది గాని వీపుమీద ఇంకా తయారుకాలేదు. అంటే ఈ డిప్ప ఎవరో తగిలించినది కాదు, కోట్ల సంవత్సరాలలో ఎముకలలోంచి మెల్లగా ఏర్పడినది.

కొందరు తాబేలు చిప్ప అంచుకు బెజ్జం వేసి తాడు కట్టి, బావి దగ్గరో దొడ్లోనో కట్టేస్తారు. "గోరులాంటిదే గదా, నొప్పి ఉండదు" అంటారు. ఆ బెజ్జం గోరుతో ఆగదు, ఎముకలోకి దిగుతుంది. మీ ఊళ్ళో ఎవరైనా అలా చేస్తుంటే ఈ మాట వాళ్ళకు చెప్పండి. పెద్దవాళ్ళే అయినా ఫరవాలేదు.

వేంగమ్మకు వచ్చిన జబ్బులు రెండు. మొదటిది చిప్పకుళ్ళు. మురికినీటిలో ఎడతెరిపి లేకుండా నానినప్పుడు, చిప్పకు చిన్న గాయమున్నా చాలు, దానిగుండా సూక్ష్మజీవులు లోపలికి చేరి పలకక్రింద తినివేస్తాయి. తెల్లమచ్చ, మెత్తదనం, దుర్వాసన, ఇవి దాని గుర్తులు. నేను పూసిన నూనె గాలి తగలకుండా చేసి వాటికి మరింత వసతి కల్పించింది. రెండోది ఎముకల బలహీనత. ఇక్కడే చిత్రరథస్వామి వస్తాడు! సూర్యకాంతిలో మన కంటికి కనబడని కిరణాలు కొన్ని ఉంటాయి. వాటి సహాయంతో తాబేలు శరీరంలో డి విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిండిలోని సున్నపు పదార్థం, అంటే కాల్షియం, ఒంటికి పట్టి ఎముకకు చేరుతుంది. ఎండ లేకపోతే ఎంత మంచి తిండి పెట్టినా చిప్ప మెత్తబడుతుంది, వంకరలు పోతుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండ దీనికి పనికిరాదు. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. గాజుతొట్టెలో, గది మూలలో పెరిగే తాబేళ్ళకు వెలుతురు కనిపిస్తుందే గాని ఎండ అందదు.

ఇక ఆ ఎర్రచారలు! వేంగమ్మ మన దేశపు ప్రాణే కాదట. అమెరికాలో మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం దాని సొంతచోటు. ఎర్రచెవి తాబేలు అందాము. పుట్టినప్పుడు పదిరూపాయల బిళ్ళకంటె కొంచెమే పెద్దగా, ఆకుపచ్చగా, ముద్దుగా ఉంటుంది. అందుకే రంగుచేపలతోపాటు దీన్నీ అమ్ముతారు. పిల్లలు మారాం చేస్తారు, పెద్దలు కొంటారు. అది బిళ్ళలాగే ఉండిపోతుందనుకొంటారు. కాని ఆడది 25 సెంటీమీటర్ల దాకా, ఒక్కొక్కసారి ఇంకా పెద్దగా పెరుగుతుంది. సరిగా చూసుకొంటే 30 సంవత్సరాలు బ్రతకగలదు. తొట్టె చాలదు, నీళ్ళు కంపు కొడతాయి, ఒకనాటి రాత్రి ఎవరికీ తెలియకుండా చెరువులో పడుతుంది. వేంగమ్మ మా ఊరి చెరువుకు అలాగే వచ్చివుండాలి. వేంగమ్మ ఆడదని ఎలా తెలిసిందంటారా? మగవాటికి ముందుకాళ్ళ గోళ్ళు పొడుగ్గా ఉంటాయి, తోక లావుగా ఉంటుంది. దీనికి రెండూ పొట్టివే.

వైద్యురాలు చచ్చిపోయిన పొరను మాత్రమే నెమ్మదిగా తీసివేసింది. ఆ పని ఇంటిదగ్గర ఎవరూ చేయకూడదని గట్టిగా చెప్పింది. పచ్చి ఎముక తెగితే ప్రాణానికే ముప్పు. ముందుకాలికి సూదిమందు ఇచ్చింది. "వెనుక కాలికి ఎందుకివ్వలేదండీ?" అని మా పిల్ల అడిగింది. వెనుకభాగంలోని రక్తం ముందుగా మూత్రపిండాలకు చేరుతుందట, మందు ఒంటికి పట్టకముందే పోయే ప్రమాదం ఉందట. ఈ ప్రశ్న నాకు తోచలేదని ఒప్పుకొంటున్నాను.

తరువాత పనంతా ఇంటిదగ్గరిదే. వేంగమ్మను రోజులో చాలాభాగం పొడిగా, శుభ్రమైన తువ్వాలు పరచిన తొట్టెలో ఉంచాలి. ఉదయమూ సాయంత్రమూ కొంతసేపు మాత్రం మంచినీటిలో వదలాలి. ఈ జాతి తాబేళ్ళు నీటిలో ఉంటేనే ముద్ద మింగగలవు. నీళ్ళు తాగేదీ, తినేదీ అప్పుడే. బయటికి తీశాక ఒళ్ళు ఆరనిచ్చి, అయొడిన్ మందును నీళ్ళలో పలుచని టీడికాషన్ రంగు వచ్చేదాకా కలిపి, మెత్తటి పళ్ళబ్రష్షుతో పుండున్నచోట అద్ది, ఆరాక వైద్యురాలిచ్చిన తెల్ల లేపనం రాయాలి. మందు కొలతా, రోజుల లెక్కా ఆవిడ చెప్పినవే. మీ తాబేలుకు మీ వైద్యుడు వేరే చెప్పవచ్చు.

తిండిమాట చెబితే మీరు నవ్వుతారు. అన్నం, బిస్కట్లు, రొట్టె అన్నీ బంద్. మా కాలువల్లో దొరికే తూటికూర దానికి మహాఇష్టం. పాలకూర మాత్రం రోజూ వద్దన్నారు. అందులో ఉండే ఒక ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనీయదు. వారానికి రెండుమూడుసార్లు ముళ్ళతో సహా చిన్నచేపలు. ఇవికాక సముద్రపు నురుగు! పేరు అలా ఉన్నా అది నురుగు కాదు. కటిల్ చేప అనే సముద్రప్రాణి ఒంట్లో ఉండే తెల్లటి పెళుసు పెంకు. మూలికలమ్మే కొట్లో దొరుకుతుంది. అది నిండా కాల్షియమే. వేంగమ్మ దాన్ని చాక్‌పీసులా కొరుకుతుంటే నాకు మా బడి గుర్తుకు వచ్చేది.

ఉదయంపూట లేత ఎండలో కూర్చోబెట్టాలి. పక్కనే నీడ తప్పనిసరి. తాబేలు ఒంటికి మనలాగా సొంతవేడి ఉండదు, చుట్టూ ఎంత వేడి ఉంటే దానికీ అంతే. మా ప్రాంతపు ఎండలో, నీడలేని తొట్టెలో మరచిపోతే గంటలోపల ప్రాణం పోతుంది. ఇంకొక నియమం మీ కోసం: తాబేలును ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. దానివల్ల పిల్లలకు జబ్బు చేస్తున్నదనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాలకంటె చిన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడం నిషేధించారు.

ఆ పిల్ల ఒక్కరోజు మానలేదు. అర్ధసంవత్సర పరీక్షలరోజున కూడా, బడికి వెళ్ళేముందు యూనిఫారం మీద చుక్క పడకుండా చేతులు చాచి మందు రాసింది. నోటుబుక్కులో చిప్ప బొమ్మ గీసి, పలకలకు అంకెలు వేసి, ఏ పలకమీద మచ్చ ఎంత ఉందో వారంవారం గుర్తు పెట్టేది. వీపుమీద నడుమ 5 పలకలు, వాటికి అటు 4 ఇటు 4, అంచున 24, మెడదగ్గర చిన్నది 1. మొత్తం 38. పొట్టక్రింద 12. మీకు ఎక్కడైనా ఇటువంటి తాబేలు కనిపిస్తే దూరంనుంచే లెక్కపెట్టి చూడండి. ఒక మాట మాత్రం నమ్మకండి: పలకమీది వలయాలు లెక్కపెడితే వయస్సు తెలుస్తుందంటారు. బాగా తిన్న ఏడు రెండు మూడు వలయాలు రావచ్చు, లేనప్పుడు ఒకటీ రాకపోవచ్చు.

సంక్రాంతి దాటేసరికి మెత్తని చోటు గట్టిపడింది. వాసన పోయింది. వేంగమ్మ తొట్టె గోడ గీకడం మొదలుపెట్టింది. ఇక ఇంట్లో సమస్య వచ్చింది.

"బాగయింది గదా, ఇక దాని దారిన దాన్ని పంపండి," అన్నది వాళ్ళ అమ్మ. రోజుకు రెండుసార్లు నీళ్ళు మోయడం ఆవిడ వంతే గనుక ఆ మాటలో తప్పులేదు. "ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతరకు వెడుతున్నాం. అక్కడే కొల్లేట్లో వదిలేద్దాం. పుణ్యం కూడాను," అన్నాడు వాళ్ళ నాన్న. ఆ పిల్ల ఏమీ అనలేదు. నన్ను కూడా రమ్మన్నది.

ఆయిల్‌పామ్ గెలలు తోలే చిన్న ట్రక్కు వాళ్ళది. వెనుక గడ్డిపరచి, దానిమీద వేంగమ్మ తొట్టె పెట్టి, మీద తడిగోనె కప్పి తెల్లవారుఝామునే బయలుదేరాము. ఆ పిల్ల తొట్టె పక్కనే కూర్చుంది.

మొదట ఏలూరు. తమ్మిలేరు ఈ పట్నం దగ్గర రెండు పాయలుగా చీలి, అటు ఇటు పారి చివరికి కొల్లేటిలోనే కలుస్తుంది. వైద్యురాలు వేంగమ్మను చివరిసారి చూసి "భేష్" అన్నది. "కొల్లేట్లో వదిలేద్దామనుకొంటున్నామండీ" అని వాళ్ళ నాన్న చెప్పగానే ఆవిడ ముఖం మారింది. "వదలకండి. ఎందుకో మాస్టారు దారిలో చెబుతారు," అని నామీద పెట్టింది. చూశారా, నాకు మళ్ళీ పాఠం అప్పజెప్పింది!

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టుకొంటే కొంతసేపటికి నేల కనిపించడం తగ్గిపోతుంది. రెండుపక్కలా నీరు, గట్లు, మళ్ళీ నీరు. కృష్ణా గోదావరుల డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు తెచ్చిన వరదను ఇది పట్టుకొని, ఉప్పుటేరు అనే ఒక్క దారిన మెల్లగా సముద్రానికి పంపుతుంది. సుమారు 60 కిలోమీటర్ల దారి అది. 1999లో ఇందులో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి రక్షితప్రాంతంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేర్చారు. చేపల చెరువులు సరస్సును ఆక్రమిస్తుంటే 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లను కొట్టివేయించింది. అయినా నాకు చిన్నప్పుడు కనిపించిన నీటి విశాలం ఇప్పుడు కనిపించదు.

పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆగాము. కొల్లేటి నీరు ఈ వంతెన ఖానాల గుండానే ఉప్పుటేరువైపు సాగుతుంది. నీటిమీద ఆకుపచ్చ తివాచీ పరచినట్టు గుర్రపుడెక్క. మధ్యమధ్య ఊదారంగు పూలగుత్తులు.

"ఎంత బాగున్నాయో తాతగారూ! ఒక మొక్క మన చెరువుకు తీసుకొని వెడదామా?"

"ఇలాగే ఎవరో అనుకొన్నారమ్మా, నూరేళ్ళకు ముందు," అన్నాను. "ఇది దక్షిణ అమెరికా మొక్క. పువ్వు అందంగా ఉందని తోటలకోసం మన దేశానికి తెచ్చారు. అక్కడ దాన్ని తినే పురుగులూ, అదుపుచేసే తెగుళ్ళూ ఉన్నాయి. తెచ్చినప్పుడు ఇక్కడ అవేమీ లేవు. ఇప్పుడు చూడు."

ఆ పిల్ల చాలాసేపు గుర్రపుడెక్కనే చూస్తూ ఉండిపోయింది. తరువాత తొట్టెమీది గోనె ఎత్తి వేంగమ్మను చూసింది. ఇక నేను చెప్పవలసింది ఎక్కువ మిగలలేదు.

గట్టుక్రింద ఒక ముసలి జాలరి వెదురు మావులు తీసి చేపలు ఏరుతున్నాడు. మావు అంటే చేప లోపలికి వెళ్ళడమే గాని తిరిగి రాలేని బుట్ట. ఒక మావులో చేపలతోపాటు తాబేలొకటి పడివుంది. మెత్తటి చర్మం కప్పిన చిప్ప, ముందుకు సాగిన పందిముట్టెవంటి ముక్కు. వెనుకకాళ్ళు లోపలికి లాక్కోగానే పొట్టచిప్పనుంచి రెండు చర్మపు తలుపులు వచ్చి మూసుకొన్నాయి! ఆ పిల్ల కేక వేసింది. మన చెరువుల అసలు తాబేళ్ళలో ఒకటి అది. నత్తలు, కప్పపిల్లలు, చచ్చిన చేపలు తిని నీటిని శుభ్రంగా ఉంచుతుంది. వేసవిలో చెరువు ఎండితే బురదలో దూరి వానదాకా నిద్రపోతుంది. దాని చిప్పమీద చర్మముంటుంది గనుక ముట్టుకొంటే మెత్తగానే తగులుతుంది, అది జబ్బు కాదు. నాలాంటివాళ్ళు దానికి కూడా పసుపు పూయగలరు!

జాలరి దాన్ని నీటిలో వదిలి, మా తొట్టెలోకి తొంగిచూశాడు.

"ఇదెక్కడిదండీ మేష్టారూ? మన తాబేలు కాదే!"

"అమెరికాదయ్యా. కొల్లేట్లో వదులుదామని తెచ్చారు."

"వద్దు బాబూ. ఇప్పటికే మా వాటికి తిండి చాలడంలేదు," అన్నాడు. "రాత్రిళ్ళు సంచులకెత్తి లారీలకు తోలేసేవాళ్ళు కొందరు. మిగిలినవాటి నోటికాడ కూడా ఇంకొకటి ఎందుకండీ?"

అతను చెప్పింది నిజం. గోదావరి, కొల్లేటి ప్రాంతపు తాబేళ్ళను మాంసంకోసం గోనెసంచుల్లో కుక్కి ఒడిశా, బెంగాలువైపు తరలిస్తుంటే అటవీశాఖవారు ఎన్నోసార్లు పట్టుకొన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ మన తాబేలును కాపాడుతున్నది. దాన్ని పట్టినా, అమ్మినా, ముద్దుకోసం ఇంట్లో పెంచినా నేరమే. గాయపడినది దొరికితే అటవీశాఖకు అప్పగించాలి. వేంగమ్మ కథ దీనికి తలకిందులు. ఇంట్లో ఉండాలి, బయట వదలకూడదు. ఎర్రచెవి తాబేలు పెద్దది, మొండిది. ఎండకాచుకొనే రాళ్ళమీదనుంచి తక్కినవాటిని తోసేస్తుంది, వాటి తిండి తింటుంది, తన జబ్బులు అంటిస్తుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ హానిచేసే 100 వలసజీవుల పట్టికలో దీని పేరు ఉంది. కేరళలో త్రిచూరు దగ్గర పీచిలోని అరణ్య పరిశోధన సంస్థవారు, చెరువుల్లో వదలవద్దు, మాకివ్వండి అని ప్రజలను కోరి ఇటువంటివాటిని తీసుకొన్నారు.

ఇందులో వేంగమ్మ తప్పు ఏముంది? ఏమీ లేదు. ఆ మాట ఆ పిల్లే అడిగింది, నేను అదే చెప్పాను.

కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులను చూశాము. చెట్లమీదా, వాటికోసం కట్టిన ఇనుప మంచెలమీదా గూళ్ళు పెట్టుకొని ఉన్నాయి. పిల్లలు తల్లుల సంచిముక్కుల్లో తలలు దూర్చి చేపలు తింటున్నాయి. అది చూడవలసిందే గాని చెప్పడం కష్టం. అక్కడినుంచి కొల్లేటికోట వెళ్ళి అమ్మవారి దర్శనం చేసుకొన్నాము. జనంలో ఆ పిల్లకు దర్శనం సరిగా కాలేదు. తొట్టె దగ్గర ఎవరో ఒకరు ఉండాలని వంతులు వేసుకొన్నాము గదా!

తిరుగుప్రయాణంలో వాళ్ళ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఏలూరు దీపాలు కనిపిస్తుండగా, "ఎన్నేళ్ళు బ్రతుకుతుందన్నారు మాస్టారూ?" అని అడిగాడు.

"ముప్ఫై దాకా బ్రతకవచ్చు. ఇప్పటికే కొన్ని ఏళ్ళది."

"ఇది కాలేజీకి వెడుతుంది, పెళ్ళవుతుంది..."

"అప్పుడు మీరు చూడాలి నాన్నా," అన్నది ఆ పిల్ల వెనుకనుంచి. నిద్రపోయిందనుకొన్నాము.

ఆయన ఏమీ అనలేదు. మరునాటి ఆదివారం దొడ్లో జామచెట్టు పక్కన గొయ్యి త్రవ్వించి సిమెంటు తొట్టె కట్టించాడు. సగం ఎండ, సగం నీడ. ఎక్కి కూర్చోవడానికి వాలుగా ఒక రాయి. నీరు తోడకుండా పోయేందుకు అడుగున గొట్టం, అది వాళ్ళ అమ్మ పెట్టిన షరతు. పైకెక్కి పారిపోకుండా గోడ అంచు లోపలికి వంచారు. దొడ్డినీరు కాలువలోకి పోయేచోట జల్లెడ బిగించారు.

మొన్న వేంగమ్మ వీపునుంచి ఒక పలకపొర ఊడింది. ఆ పిల్ల హడలిపోయి పరుగెత్తుకొచ్చింది. ఈసారి నేను తొందరపడలేదు. వెలుగుకు పట్టి చూశాను. ఉల్లిపొరలా పలుచగా, తేటగా ఉంది, వాసన లేదు, క్రింద కొత్త పలక నున్నగా మెరుస్తున్నది. పెరిగే తాబేలు ఇలా పొరలు విడవడం మామూలే. ఆ పొరను తన నోటుబుక్కులో, నడుమ వరుసలో మూడో పలక బొమ్మమీద అంటించుకొన్నది. పుండున్నచోట మాత్రం చిన్న గుంట అలాగే ఉంది. అది ఇక పూడదని వైద్యురాలు చెప్పింది.